రెండో గీత

మంగళవారం మా లంక ఆసుపత్రిలో కడుపుతో ఉన్నవాళ్ల రోజు.
తొలి పంటు దిగి, కుచ్చెళ్లకు బురదతో వస్తారు.
గోడ మీద పోయినేటి వరద వదిలిపోయిన చార,
చార కింద బల్ల,
బల్ల మీద నా సూదులు, నా దూది,
వేలెడంత తెల్ల పలక.

నెత్తుటి తేట మూడు చుక్కలు.
పదిహేను నిమిషాలు.
మొదటి గీత ఎప్పుడూ వస్తుంది, పలక మంచిదేనని చెప్పడానికి.
రెండోది రాకూడదు.
ఎనిమిదేళ్లుగా ఇదే పని,
అయినా ప్రతిసారీ గడియారం కేసి
రాకూడదు రాకూడదు అంటూనే ఉంటాను.

వీరవేణికి వచ్చింది.
పల్చగా, రొయ్య మీసమంత.

షెడ్డులో రొయ్యల తలలు తీసే పిల్ల,
ఐసుకి వేలికొనలు పాలిపోయి ముడతలు పడ్డ పిల్ల.
"రెండు గీతలేనాండి?" అని నవ్వింది.
రెండు నెలల కిందట రెండు గీతలు చూసే
మొగుడు వీధంతా కాజాలు పంచాడట.
ఆ నవ్వు ముందు
కామెర్ల మాట ఎక్కడ దించాలో తెలియక
దూది వెతుకుతున్నట్టు నటించాను.

చెప్పాక,
"నా కళ్లు పచ్చబడలేదే" అంది.
"మా అమ్మకి పడ్డాయి, ఎప్పుడో.
మణికట్టు మీద వాత పెట్టించారు,
నేలఉసిరి పసరు పోశారు. తగ్గిపోయింది."
తగ్గింది పచ్చదనం.
నెత్తురులో ఏముందో అప్పుడెవరడిగారు?

మొగుడు వచ్చి తన చెయ్యీ చాపాడు.
అతనికి ఒకటే గీత. టీకా వేసి పంపాను.
మంచి వార్తే అనుకున్నాను, బుద్ధిలేక.
"మా వాడికి లేదు, మరి ఇదెక్కడ తెచ్చుకుంది?"
అత్త పంపు దగ్గర జారవిడిచిన మాట
సాయంత్రానికి లంకంతా తిరిగి
ఆఖరి పంటెక్కి అవతలి ఒడ్డుకీ పోయింది.
కంచం వేరైంది. గ్లాసు వేరైంది.

మార్తమ్మ మా ఆశా కార్యకర్త, యాభై దాటిన మనిషి.
వెళ్లి ఆ అరుగు మీద కూచుని
"దాహమేస్తోంది, ఆ గ్లాసుతోనే ఇవ్వండి" అంది.
కడగొద్దంది.
అత్త చూస్తుండగా అడుగుదాకా తాగింది.
నేను గోడలకంటించిన బొమ్మలన్నీ
ఆ ఒక్క గుటకకి సరిపోవు.

ఇంకో మంగళవారం
కడుపులేని మనిషొకామె కడుపువాళ్ల వరసలో నిలబడింది.
బుల్లెమ్మ. వీరవేణి తల్లి.
"దీన్ని మంత్రసాని చేతుల్లో కన్నాను.
అప్పుడీ పలక ఉందాండి?"
ఉన్నా మన లంక దాకా రాలేదమ్మా.
"పుట్టగానే వేస్తారంటున్నారే, ఆ సూది?"
అదీ రాలేదు.
కిటికీలోంచి ఏటికేసి చాలాసేపు చూసింది.
ఆనక జాకెట్టు చెయ్యి పైకి లాగి,
"నాదీ తియ్యండి. ఎవరిచ్చారని ఊరడుగుతోంది కదా.
పేరు తెలిస్తే నా పిల్ల తలెత్తుకుంటది."

ఆమె గీత పల్చగా లేదు.
పారాణిలా ఉంది.

ఆ కాగితం తనే పట్టుకెళ్లి
వియ్యపురాలి చేతిలో పెట్టిందట.
చదువురాని ఇద్దరు ఆడవాళ్లు
ఒక కాగితాన్ని చెరోవైపూ పట్టుకుని
ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు.

భాద్రపదం. ఎర్రనీరు. పంటు కట్టేశారు.
ముందే తెలుసు కనక వారం ముందే
వీరవేణిని అమలాపురం చేర్చాం.
కాకినాడ నుంచి ఐసుపెట్టెలో రావలసినదీ
ఆమెకన్నా ముందే వచ్చి కూచుంది.
తెల్లారుజామున మూడింటికి ఆడపిల్ల.
ఎడమ తొడలో ఒకటి, కుడి తొడలో ఒకటి.
పన్నెండు గంటల గడువులో మాకు పట్టింది ఒక్క గంట.
"పాలివ్వచ్చాండి?"
ఇవ్వచ్చు.
మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఇవ్వచ్చు.

ఇవాళ ఆ పిల్లకి ఏడాది.
గుక్కపట్టి ఏడుస్తుంటే నరం దొరకబుచ్చుకుని
మూడు చుక్కలు వేశాను.
బయట బల్ల మీద నానమ్మ
వీరవేణికి నీళ్లిస్తోంది. ఏ గ్లాసో నేను చూడలేదు.

మొదటి గీత వచ్చింది.
పదిహేను నిమిషాలయ్యాయి.
ఇరవై దాటితే చూడొద్దని కాగితంలో రాసి ఉంటుంది,
ఆ తర్వాత కనపడేది లెక్కలోకి రాదు.
నేను చూస్తూనే ఉన్నాను.

తెల్లగా ఉంది.
ఇంకా తెల్లగానే ఉంది.